ఆఖరి చెయ్యి

ఆస్పత్రిలో ఒక మందు ఇవ్వబోయి ఇంకో మందు ఇచ్చారనీ, రోగి చనిపోయాడనీ పత్రికలో చదివినప్పుడు మన మనసులో పుట్టే మొదటి ప్రశ్న "ఎవరిచ్చారు?" అన్నది. రెండోది "వాళ్ళనేం చేశారు?" అన్నది. ఫలానా నర్సు ఇచ్చిందనీ, ఆమెను సస్పెండు చేసి కేసు పెట్టారనీ తెలిస్తే మన ఆందోళన చాలావరకు చల్లారుతుంది. న్యాయం జరిగిందన్న తృప్తితో పత్రిక మడిచి పక్కన పెడతాం.

ఈ తృప్తి ఎంతవరకు న్యాయమైనదన్నదే నేనిక్కడ చర్చించదలచిన విషయం. నేను వైద్యుణ్ణి కాను. మందుల గుణదోషాలను గురించి చెప్పే అర్హత నాకు లేదు. కాని, ఒక మనిషి చేసిన పొరపాటుకు ఆ మనిషి ఎంతవరకు బాధ్యుడు, ఆ మనిషిని ఆ పనిలో, ఆ పరిస్థితుల్లో నిలబెట్టినవాళ్ళు ఎంతవరకు బాధ్యులు అన్నది వైద్యులకు మాత్రమే వదిలేయదగిన ప్రశ్న కాదు. అది నీతికి సంబంధించిన ప్రశ్న. సమాజం మారాలని కోరేవాళ్ళు తప్పించుకోటానికి వీల్లేని ప్రశ్న.

ఇది ఎక్కడో అరుదుగా జరిగే విషయమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 1999లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక నివేదిక ప్రచురించింది. ఆ దేశపు ఆస్పత్రుల్లో వైద్యంలో జరిగే పొరపాట్ల మూలంగా ఏటా 44,000 నుంచి 98,000 మంది దాకా చనిపోతూ వుండవచ్చునని అందులో అంచనా వేశారు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మందుల విషయంలో జరిగే పొరపాట్లవల్ల ప్రపంచానికి ఏటా 4,200 కోట్ల డాలర్ల నష్టం కలుగుతున్నదని లెక్కగట్టి, నివారించదగిన తీవ్రమైన హానిని ఐదేళ్ళలో సగానికి తగ్గించాలని పిలుపిచ్చింది. ఇన్ని దేశాల్లో, ఇన్ని చేతులు ఒకే రకం తప్పులు చేస్తున్నప్పుడు కారణాన్ని ఆ చేతుల స్వభావంలో వెతకటం తర్కానికి నిలవదు. తరగతిలో ఒక కుర్రాడు లెక్క తప్పితే వాడు సరిగా చదవలేదనవచ్చు. ఏటేటా తరగతిలో సగంమంది అదే లెక్క తప్పుతూ వుంటే ఉపాధ్యాయుణ్ణీ, పాఠ్యపుస్తకాన్నీ కూడా పరీక్షించవలసి వుంటుంది.

ఒక కేసు తీసుకుందాం. ఇది 2017 డిసెంబరులో అమెరికాలో, టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరంలో, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో జరిగింది. అందులోని వ్యక్తుల పేర్లతో మనకు పనిలేదు. 75 ఏళ్ళ స్త్రీని స్కానింగుకు తీసుకువెళ్ళారు. ఇరుకైన యంత్రంలో పడుకోవాలంటే ఆమెకు భయం. భయం తగ్గటానికి వెర్సెడ్ అనే మందు రాశారు. అది వ్యాపారనామం. మందు అసలు పేరు మిడజొలామ్. ఆ ఆస్పత్రిలో మందులు ఒక యంత్రపు బీరువాలో వుంటాయి. కంప్యూటరు మీద పేరు కొడితే అర తెరుచుకుంటుంది. మందు తేవటానికి వెళ్ళిన నర్సు పేరులోని మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలు, 'వి', 'ఇ' కొట్టింది. బీరువాలో ఆ మందు అసలు పేరు కింద వున్నందువల్ల వెర్సెడ్ కనపడలేదు. అత్యవసర సమయాల్లో ఫార్మసిస్టు ఆమోదం కోసం ఆగకుండా మందు తీసుకోటానికి ఆ యంత్రంలో ఒక అడ్డదారి వుంది. ఆమె ఆ దారిన పోయి మళ్ళీ అవే రెండక్షరాలు కొట్టింది. ఈసారి వెకురోనియం అనే పేరు వచ్చింది. ఆమె అదే తీసుకుంది.

వెకురోనియం భయాన్ని తగ్గించే మందు కాదు. అది కండరాలను స్తంభింపజేస్తుంది. శ్వాస ఆడించే యంత్రం పెట్టకుండా ఆ మందు ఇస్తే మనిషికి తెలివి వుండగానే ఊపిరి ఆగిపోతుంది. నర్సు దాన్ని ఎక్కించి, రోగి దగ్గర కనిపెట్టుకుని వుండకుండా వెళ్ళిపోయింది. మర్నాడు రోగి చనిపోయింది.

ఆ నర్సు తప్పు చిన్నదని నేననను. వెర్సెడ్ ద్రవరూపంలో వుంటుంది. వెకురోనియం పొడి. దాన్ని ద్రవంలో కలిపి తయారుచేసుకోవాలి. సీసా మూత మీద ఇది కండరాలను స్తంభింపజేసే మందు అన్న హెచ్చరిక అచ్చువేసి వుంది. ఆమె ఒక్కసారి ఆగి ఆ నాలుగు మాటలు చదివి వుంటే ఆ ముసలమ్మ బతికేది. ప్రాసిక్యూషను చూపించిన ఈ విషయాలన్నీ నిజాలే. 2021లో ఆ నర్సు లైసెన్సు పోయింది. 2022 మార్చిలో జ్యూరీ ఆమెను దోషి అని తేల్చింది. మే మాసంలో ఆమెకు మూడేళ్ళ ప్రొబేషను విధించారు.

అయితే ఈ నిజాల పక్కన మరికొన్ని నిజాలు పెట్టి చూడాలి. యంత్రంలోని అడ్డదారిని ఆ రోజుల్లో అందరూ రోజూ వాడుతూ వుండేవారని ఆ నర్సు చెప్పుకుంది. స్కానింగు జరిగే చోట, మందు మీది గీతల గుర్తును రోగి చేతిపట్టీతో సరిచూసే పరికరం లేదు. ప్రాణం తీయగల మందు మామూలు అడ్డదారిలో ఎవరి చేతికైనా అందేటట్టు ఏర్పాటు వుంది. రెండక్షరాలు కొడితే చాలు, యంత్రం పేర్లు చూపించేది. 'వెర్సె' దాకా ఐదు ఇంగ్లీషు అక్షరాలు కొడితేగాని ఏ పేరూ చూపించకుండా యంత్రాన్ని అమర్చి వుంటే వెకురోనియం తెరమీదికే వచ్చేది కాదు. మందుల భద్రతను గురించి పనిచేసే నిపుణులు తరవాత సరిగ్గా ఈ సూచనే చేశారు.

ఇంకొక నిజం కూడా వుంది. తను చేసిన తప్పు తెలియగానే నర్సు ఒప్పుకుంది. ఆస్పత్రి మాత్రం ఈ మరణాన్ని చట్టప్రకారం తెలియజేయవలసిన రాష్ట్ర అధికారులకు తెలియజేయలేదు. రోగి కుటుంబానికి డబ్బిచ్చి, బయట మాట్లాడకూడదన్న షరతుతో రాజీ చేసుకుంది. 2018లో ఎవరో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేస్తేగాని ప్రభుత్వ తనిఖీదారులు ఆ గడప తొక్కలేదు. తప్పు చేసి ఒప్పుకున్న మనిషి బోను ఎక్కింది. తప్పును కప్పిపెట్టిన సంస్థ మీద నేరారోపణే జరగలేదు.

ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. మన వాడుకలో వున్న నీతి ఇటువంటి ఘటనను చూసే పద్ధతే అది. తప్పుకు కారణం అశ్రద్ధ. అశ్రద్ధ మనిషి గుణంలోని లోపం. ఆ గుణాన్ని దండనతో సరిచెయ్యాలి, లేదా ఆ మనిషిని తీసివెయ్యాలి. ఇంతే దాని తర్కం. ఇది పైకి కఠినమైన నీతిలాగా కనిపిస్తుంది. నిజానికి ఇది సోమరి నీతి. ఒక భౌతిక ఘటనకు కారణాన్ని మనిషి ఆత్మలో వెతికి, దొరికిందనుకుని, వెతకటం మానేస్తుంది. భావవాదం పుస్తకాల్లో మాత్రమే వుంటుందనుకునేవాళ్ళు ఆస్పత్రుల విచారణ నివేదికలు చదివితే మంచిది.

శ్రద్ధ ఆత్మగుణం కాదు. అది శరీరం చేసే పని. మిగతా పనుల్లాగే దానికీ ఒక హద్దు వుంది. నిద్ర లేకపోతే అది తగ్గుతుంది. పది మందికి మందులివ్వవలసిన చోట నలభై మందికి ఇవ్వవలసివస్తే పలచబడుతుంది. మందు కొలుస్తూ వుండగా ముగ్గురు పిలిస్తే తెగిపోతుంది. నర్సులకు పాఠాల్లో ఐదు సూత్రాలు నేర్పుతారు: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ. ఈ ఐదూ ఎవరూ కాదనలేనివి. కాని అవి చేరవలసిన ఊరి పేరు మాత్రమే చెబుతాయి, దారి చూపించవు. ఒకేలా కనిపించే రెండు సీసాలు ఒకే అరలో పక్కపక్కన పెట్టి, సగం దీపాలు ఆర్పిన వార్డులో, పన్నెండో గంట డ్యూటీలో వున్న మనిషితో "సరైన మందు ఇవ్వు" అనటం ఉపదేశం అవుతుందిగాని ఏర్పాటు కాదు.

ఏర్పాటు అంటే ఏమిటో ఇంకొక మరణం చెబుతుంది. 2001 జనవరిలో ఇంగ్లండులో, నాటింగ్‌హామ్ నగరంలోని క్వీన్స్ మెడికల్ సెంటరులో 18 ఏళ్ళ కుర్రవాడు రక్తకాన్సరుకు చికిత్స పొందుతున్నాడు. జబ్బు అదుపులోకి వచ్చింది. అతనికి ఒక మందు వెన్నులోకి, విన్‌క్రిస్టిన్ అనే మరొక మందు రక్తనాళంలోకి ఇవ్వాలి. విన్‌క్రిస్టిన్ రక్తంలో కలిస్తే కాన్సరుమీద పనిచేస్తుంది. వెన్నులోకి పోతే నరాలను నాశనం చేసి దాదాపు ఎప్పుడూ మనిషినే చంపుతుంది. రెండు సిరంజీలూ ఒక్కసారే వార్డుకు వచ్చాయి. రెండూ వెన్నులోకే వెళ్ళాయి. సిరంజి పట్టుకున్న చిన్న డాక్టరు సందేహించి పై డాక్టరును అడిగాడు. పై డాక్టరు అవునన్నాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అవునన్నాడు. తనకు తెలిసినదానికంటె పైవాడి మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలని అతనికి ఎవరు నేర్పారో మనం ఊహించగలం. అన్ని కొలువుల్లోనూ అదే నేర్పుతారు. కుర్రవాడు దాదాపు నాలుగు వారాలు బాధపడి చనిపోయాడు. పై డాక్టరు 2003లో కోర్టులో నేరం ఒప్పుకుని శిక్ష పొందాడు.

ఈ తప్పు ఆ దేశంలో అది మొదటిసారి కాదు. 1985 నుంచి అప్పటికే పదిసార్లకు పైగా ఇదే మాదిరి జరిగింది. 2001 చివరికల్లా ఇటువంటి మరణాలు ఒక్కటి కూడా జరగకుండా చూస్తామని ప్రభుత్వ నివేదిక 2000లోనే లక్ష్యం ప్రకటించింది. అంటే ఈ అపాయం అందరికీ తెలుసు. తెలిసికూడా ఏళ్ళతరబడి దాన్ని హెచ్చరికలతో, లేబుళ్ళతో, శిక్షణలతో ఆపాలని చూశారు. ఆగలేదు. ఆగకపోవటానికి కారణం చాలా మామూలుది: రక్తనాళానికి వాడే సిరంజి మూతి, వెన్నుసూది మూతి ఒకే కొలతవి. ఏ సిరంజి అయినా ఏ సూదికైనా అతుక్కుంటుంది. తయారుచేసేవాళ్ళకూ, కొనేవాళ్ళకూ అది సౌకర్యం.

దీనికి విరుగుడు ఏమిటి? విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలోకి ఎక్కించకుండా చిన్న సెలైను సంచిలో కలిపి వార్డుకు పంపటం. సంచిలో వున్నదాన్ని వెన్నులోకి ఎక్కించాలనే ఆలోచన ఎవరికీ రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఈ పద్ధతిని సిఫారసు చేసింది. వెన్నుసూదులకు వేరే కొలత మూతి వుండాలన్న అంతర్జాతీయ ప్రమాణం 2016కు గాని వెలువడలేదు. ఒక సంచి, ఒక మూతి! మహా వైజ్ఞానిక విప్లవం ఏదీ అవసరం లేకపోయింది. పొటాసియం క్లోరైడు చరిత్ర కూడా ఇదే. చిక్కని ద్రవాన్ని పలచబరచకుండా నరానికి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. దాని సీసా సెలైను సీసాలాగే వుండి వార్డు బల్లమీదే వున్నంతకాలం మనుషులు చనిపోయారు. అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే సంస్థ 1998లో తన మొట్టమొదటి ప్రమాద హెచ్చరికను దీని మీదే ప్రచురించింది. 2002లో ఇంగ్లండులో రోగుల భద్రతాసంస్థ మొదటి హెచ్చరిక కూడా దీన్ని గురించే. రెండూ చెప్పింది ఒకటే: ఆ సీసాను వార్డులోంచి తీసెయ్యండి. అక్కడ లేని సీసాను ఎంత అలసిన చెయ్యి అయినా పొరపాటున అందుకోలేదు.

కార్మికోద్యమ చరిత్ర చదివినవారికి ఈ వాదం కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మిల్లుల్లో తిరుగుతున్న ఇరుసుల్లో పడి చేతులు తెగిపోయినప్పుడు యజమానులు ఏమన్నారు? కూలివాళ్ళు అజాగ్రత్తగా వున్నారన్నారు. అదీ అబద్ధం కాదు. చెయ్యి తెగిన ప్రతి కార్మికుడూ ఆ క్షణంలో అజాగ్రత్తగానే వుండి వుంటాడు. అయినా 1844 ఫ్యాక్టరీ చట్టం యంత్రాలకు కంచె కట్టమన్నది. మన దేశపు 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షను కూడా అదే చెప్పింది. ఈ చట్టాల వెనక ఒక గొప్ప నైతిక సూత్రం వుంది: మనిషి అలసిపోతాడు, ఏమరుపాటు పడతాడు, అది మనిషితనంలో భాగం, కాబట్టి ఏమరుపాటుకు ప్రాణం వెలగా చెల్లించే పరిస్థితిని కల్పించినవాడే మొదటి దోషి. కార్మికులు ఈ సూత్రాన్ని పోరాడి సాధించుకున్నారు. ఫ్యాక్టరీ విషయంలో మనం దీన్ని మారుమాట లేకుండా ఒప్పుకుంటాం. ఆస్పత్రి గడప తొక్కగానే మరిచిపోతాం.

ఎందుకు మరిచిపోతామంటే, ఆస్పత్రిలో పనిచేసే స్త్రీని మనం కార్మికురాలిగా చూడం. ఆమెను దేవత అంటాం, సేవామూర్తి అంటాం, అంటువ్యాధులు వచ్చినప్పుడు చప్పట్లు కొడతాం. దేవతకు ఎనిమిది గంటల పని అక్కర్లేదు, సరైన జీతం అక్కర్లేదు, రాత్రి డ్యూటీ తరవాత విశ్రాంతి అక్కర్లేదు. దేవతకు ఏమరుపాటు కూడా వుండకూడదు. అందుకే ఏమరుపాటు పడిన మరుక్షణం ఆమె హంతకురాలవుతుంది. ఈ రెండు పేర్లకూ మధ్య వున్న ఒకే ఒక్క నిజమైన పేరు, జీతానికి శ్రమ అమ్ముకునే మనిషి అన్నది, ఎవరి నోటా రాదు. పొగడ్త కూడా దోపిడికి ఒక పనిముట్టేనని మనం ఇంటి ఇల్లాలి విషయంలో గ్రహించాం. నర్సు విషయంలో ఇంకా గ్రహించలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అది బలమైనదే. "అన్నిటికీ వ్యవస్థే కారణమంటే ఇక మనుషులకు బాధ్యత ఏమిటి? రేపు ప్రతివాడూ తన తప్పును వ్యవస్థ మీదికి నెట్టి చేతులు దులుపుకుంటాడు. చచ్చిపోయినవాడి పెళ్ళాం పిల్లలతో, మీకు అన్యాయం చేసింది ఒక మనిషి కాదమ్మా, ఒక ఏర్పాటు అని చెబుతారా?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యటం నాకు ఇష్టం లేదు. మనలో కొందరికి "వ్యవస్థ" అన్న మాట నోటికి రాగానే ఆలోచన ఆగిపోయే అలవాటు వుంది. వ్యవస్థ మారేదాకా చేయగలిగింది ఏమీ లేదని చెప్పటానికే ఆ మాట వాడతారు. అది పాత ఖర్మ సిద్ధాంతానికి కొత్త చొక్కా తొడగటమే. "వాడి ఆయుష్షు అంతే" అనే ముసలాయనకూ, "వ్యవస్థ అంతే" అనే యువకుడికీ ఆచరణలో తేడా లేదు. ఇద్దరూ పొటాసియం సీసాను ఉన్నచోటే వుంచుతారు. ఇంకొకరు కూడా ఈ మాటను ఇష్టపడతారు: యాజమాన్యం. ఒకణ్ణి బలి ఇవ్వటం వీలుకానప్పుడు "ఇది వ్యవస్థాగత లోపం" అని ప్రకటించి, ఆ వ్యవస్థకు జీతం తీసుకుంటూ అధిపతులుగా వున్నది తామేనన్న సంగతి దాటవేస్తుంది.

నేననేది బాధ్యత లేదని కాదు. బాధ్యతను సరైన చోట్ల సరైన పాళ్ళలో పెట్టమని. ఏర్పాట్లు ఆకాశంనుంచి ఊడిపడవు. ఏ సీసా ఎక్కడ వుండాలో, వార్డుకు ఎంతమంది నర్సులు వుండాలో, ఏ కంపెనీ సరుకు కొనాలో ఎవరో ఒకరు బల్లముందు కూర్చుని, తీరిగ్గా, నిద్రమత్తు లేకుండా, లాభనష్టాలు లెక్కచూసుకుని నిర్ణయిస్తారు. అర్ధరాత్రి వార్డులో జరిగిన పొరపాటుకు ఆలోచించే వ్యవధి లేదు. పగటిపూట ఆఫీసులో జరిగిన నిర్ణయానికి కావలసినంత వ్యవధి వుంది. నీతిశాస్త్రం అంతా ఏకగ్రీవంగా చెప్పే మాట, తెలిసి చేసినదానికి ఎక్కువ బాధ్యత, తెలియక చేసినదానికి తక్కువ అని. ఈ కొలతతో కొలిస్తే అపాయం తెలిసికూడా ఏర్పాటు మార్చనివాడి బాధ్యత ఏమరుపాటు పడ్డ చేతికంటె ఎంతో ఎక్కువ. మన శిక్షలు మాత్రం సరిగ్గా తలకిందులుగా వున్నాయి.

మరి ఆ ఆఖరి చేతికి బాధ్యత లేదా? వుంది. నిజం చెప్పటం దాని బాధ్యత. పొరపాటు జరిగిన క్షణంలో చెబితే రోగిని బతికించే అవకాశం వుండవచ్చు. తరవాత చెబితే మరో వార్డులో మరో రోగి బతుకుతాడు. కప్పిపెట్టినవాణ్ణి, తాగి పనిచేసినవాణ్ణి, కావాలని అపాయంలోకి నెట్టినవాణ్ణి ఎవరూ వెనకేసుకు రావక్కర్లేదు. కాని నిజం చెప్పినవాళ్ళను జైలుకు పంపే సమాజం నిజం వినదలచుకోలేదన్నమాట. నాష్‌విల్ కేసు చూసిన నర్సులు ఏ పాఠం నేర్చుకుంటారు? జాగ్రత్తగా వుండాలన్న పాఠం వాళ్ళకు ముందే తెలుసు. కొత్తగా నేర్చుకునేది నోరు మూసుకోవాలన్న పాఠమే. అమెరికాలోనే కెంటకీ రాష్ట్రం ఈ అపాయాన్ని గ్రహించి, వైద్యసిబ్బంది చేసే మామూలు పొరపాట్లకు క్రిమినలు శిక్ష వుండకూడదని 2024లో చట్టం చేసింది.

చనిపోయినవాడి కుటుంబానికి ఏం కావాలి? నాకు తోచినంతలో మూడు కావాలి: ఏం జరిగిందో నిజం తెలియాలి. పోయిన మనిషి సంపాదన మీద బతికేవాళ్ళకు పరిహారం అందాలి. ఇంకొకరికి ఇలా జరగదన్న భరోసా కావాలి. ఒక నర్సును జైల్లో పెట్టటంవల్ల ఈ మూడిట్లో ఏ ఒక్కటీ రాదు. వాళ్ళ కోపం న్యాయమైనదే. ఆ కోపానికి ఒక నర్సును ఎరగా వేసి తాను తప్పుకునే సంస్థే ఆ కుటుంబానికి రెండోసారి ద్రోహం చేస్తున్నది.

ఇక మన దేశం సంగతి. 1995లో లూధియానాలోని ఒక ఆస్పత్రిలో ఊపిరాడని రోగికి పెట్టబోయిన ఆక్సిజను సిలిండరు ఖాళీగా వుంది. రోగి చనిపోయాడు. డాక్టర్ల మీద కేసు పెట్టారు. జాకబ్ మాథ్యూ కేసుగా ప్రసిద్ధమైన ఆ వివాదంలో సుప్రీంకోర్టు 2005లో తీర్పు చెబుతూ, వైద్యుణ్ణి నేరస్థుడిగా శిక్షించాలంటే మామూలు పొరపాటు చాలదనీ, ఘోరమైన నిర్లక్ష్యం వుండాలనీ అన్నది. సిలిండరు ఖాళీగా వుండటం ఆ డాక్టరు నేరం కాదన్నది. న్యాయమైన మాటే. అయితే ఆ సిలిండరు ఎందుకు ఖాళీగా వుంది? ఆస్పత్రికి సివిలు చట్టం కింద బాధ్యత వుండవచ్చు, లేకపోవచ్చు అని అంటూ కోర్టు ఆ ప్రశ్నను అక్కడితో వదిలింది. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను చూడండి. నిర్లక్ష్యంవల్ల మరణం కలిగించినవారికి ఐదేళ్ళ దాకా శిక్ష విధించవచ్చు. చికిత్స చేస్తూండగా రిజిస్టరైన వైద్యుడివల్ల మరణం జరిగితే మాత్రం శిక్ష రెండేళ్ళకు మించదు. రిజిస్టరైన వైద్యుడంటే జాతీయ వైద్య కమిషను చట్టం కింద గుర్తించిన డిగ్రీ వుండి, వైద్యుల రిజిస్టరులో పేరున్నవాడని అందులోనే వివరించారు. ఆ రిజిస్టరులో నర్సు పేరు వుండదు. ఫార్మసిస్టు పేరు వుండదు. ఒకే రోగి, ఒకే మందు, ఒకే మరణం. రాసినవాడి తప్పయితే రెండేళ్ళు, ఇచ్చినదాని తప్పయితే ఐదేళ్ళు! వైద్యుడికి ఇచ్చిన వెసులుబాటును నేను తప్పుపట్టటం లేదు. చికిత్సలో జరిగే పొరపాటు వేరు, లారీ తోలటంలో జరిగే నిర్లక్ష్యం వేరు అని చట్టం గ్రహించినందుకు సంతోషమే. కాని ఆ గ్రహింపు డిగ్రీ దగ్గర ఆగిపోవటానికి వర్గదృష్టి తప్ప మరో కారణం నాకు కనిపించదు.

మందుల పేర్ల సంగతి కూడా చూడాలి. 2001లో సుప్రీంకోర్టు ముందుకు ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే రెండు పేర్ల తగాదా వచ్చింది. రెండూ ప్రాణాంతకమైన మలేరియాకు వాడే మందులు. పేర్లు దగ్గర దగ్గర. లోపలి పదార్థాలు వేరు. మిఠాయి పేర్లు కలిసిపోతే నష్టం తక్కువ, మందుల పేర్లు కలిసిపోతే ప్రాణం పోతుంది, కాబట్టి మందుల విషయంలో మరింత కఠినంగా వుండాలన్న భావం ఆ తీర్పు సారాంశం. 2019లో ఒక నిబంధన వచ్చింది: మందుకు వ్యాపారనామం పెట్టే కంపెనీ, ఇలాంటి పేరు మరొకటి లేదని తానే హామీపత్రం రాసి ఇవ్వాలి. కంచె కట్టవలసింది ప్రభుత్వం. కంచె వుందని రాసి ఇచ్చేది కంపెనీ. ఒకే పదార్థానికి పదుల కొద్దీ పేర్లు ఎందుకుండాలన్న ప్రశ్న జోలికి ఎవరూ పోలేదు. రోగికి ఆ పేర్లు అక్కర్లేదు. వైద్యుడికి అక్కర్లేదు. అవి మార్కెటుకు కావాలి.

మన సర్కారు ఆస్పత్రుల్లో ఈ ఆఖరి చెయ్యి చాలాసార్లు నర్సుది కూడా కాదు. రోగితో వచ్చిన తల్లిదో, కూతురిదో. ఇంగ్లీషులో రాసిన చీటీ పట్టుకుని మందుల షాపుకు పరుగెత్తేది ఆ మనిషి. షాపువాడు కత్తెరతో కత్తిరించి ఇచ్చిన నాలుగు మాత్రల ముక్క మీద పేరూ వుండదు, తేదీ వుండదు. ఏది పొద్దున, ఏది రాత్రి అని అడిగితే విసుక్కుంటారేమోనని రంగునుబట్టి గుర్తుపెట్టుకుంటుంది. వైద్యులు మందుల అసలు పేర్లను, చదవటానికి వీలుగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్యమండలి 2016లో నిబంధన పెట్టింది. చదవగలిగేటట్టు రాయమని చదువుకున్నవాళ్ళకు నిబంధన పెట్టవలసి రావటమే ఒక విమర్శ. ఆ పెద్ద అక్షరాలు కూడా ఇంగ్లీషువే. ఆ తల్లి తప్పు మందు వేస్తే కేసు కూడా వుండదు. ఆమె ఏడుపు ఆమెది.

ఆస్పత్రులన్నీ ప్రజల పరం అయ్యేదాకా, వార్డుకు చాలినంతమంది నర్సులు వచ్చేదాకా ఈ పోరాటం పూర్తికాదని నాకు తెలుసు. అయినా సంచీ, సీసా, ఐదక్షరాలు అంతదాకా ఆగనక్కర్లేదు. అపాయకరమైన మందులను వార్డు బల్లమీదినుంచి తీసెయ్యమని, రోగికిచ్చే చీటీ తెలుగులో కూడా రాయమని, ప్రతి పొరపాటూ భయం లేకుండా నమోదయ్యే పుస్తకం ఒకటి పెట్టి అందులోని విషయాలను బయటపెట్టమని నర్సుల సంఘాలూ, విద్యార్థి సంఘాలూ, ఉపాధ్యాయ సంఘాలూ కలిసి అడగవచ్చు. ఇవి చిన్న కోర్కెలు. ఫ్యాక్టరీలో యంత్రానికి కంచె అడగటం కూడా ఒకప్పుడు చిన్న కోర్కే.

అందుచేత, ఈసారి అటువంటి వార్త చదివినప్పుడు "ఎవరిచ్చారు?" అన్న ప్రశ్న దగ్గర ఆగవద్దని నా మనవి. ఆ సీసా అక్కడ ఎందుకుందో అడగండి. అది అక్కడ వుండటం అపాయమని అంతకుముందు ఎవరికి తెలుసో అడగండి. కేసు ముగిసిన ఏడాది తరవాత మళ్ళీ వెళ్ళి, ఆ వార్డులో ఏం మారిందో అడగండి. నర్సు మారి, సీసా మారకపోతే న్యాయం ఇంకా మొదలుకాలేదన్నమాట.